మా ఆయన గుల్లల డైరీ

సాయంత్రం బాపట్ల నుంచి వచ్చే రైలు దిగి ఇంటికి రాగానే మా ఆయన మంచం మీద వాలి, "రాయి జ్ఞానమ్మా" అనేవారు. నేను డైరీ తీసేదాన్ని. ఆయన పోయాక, ఈ తొమ్మిది నెలలుగా, ఆ వేళకి రేపటి బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఇప్పటి బియ్యంలో రాళ్ళేమీ ఉండవు.

ఆయన పేరు యోబు. పుట్టింది రేపల్లె దగ్గర పెనుమూడిలో. కాపురం తెనాలిలో. బాపట్లలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఇరవై ఆరేళ్ళు అటెండరు. అక్కడ కరుణశ్రీ అనే అమ్మాయి, వాడేసిన వంటనూనెను డీజిల్‌గా మార్చే పరిశోధన చేస్తోంది. దానికి ఉత్ప్రేరకం కావాలి. సముద్రపు గుల్లలు కాల్చి తీసిన సున్నమే ఆ ఉత్ప్రేరకం. రేపల్లె వైపు నుంచి గుల్లలు తేవడం, కడగడం, కాల్చడం మా ఆయన పని.

"ఉత్ప్రేరకమంటే ఏంటండి?" అని ఓసారి అడిగాను.

"మన పాస్టరు గారనుకో. ఇద్దరినీ కలుపుతారు. తను మాత్రం ఏమీ మారకుండా ఇంకో పెళ్ళికి పోతారు."

"భోంచేసే పోతారులెండి."

దగ్గొచ్చేదాకా నవ్వారు.

సున్నానికి వేళ్ళ కొసలు పగిలి ఆయన పెన్ను పట్టలేకపోయేవారు. నేను చదివింది ఐదో తరగతే అయినా చేతిరాత బాగుంటుంది. గుల్లలు ఎక్కడివి, ఎన్ని గంటలు కాల్చారు, మూత పెట్టి చల్లార్చారా లేదా, అన్నీ రాసేదాన్ని. ల్యాబులో మూత గిన్నెలు తక్కువ. కొన్ని రోజులు తెరిచే ఉంచాల్సి వచ్చేది. "గాలి తగిలితే సున్నం చచ్చిపోద్ది," అని బాధపడేవారు. కరుణశ్రీతోనూ అదే వాదన.

పోయిన నెల కరుణశ్రీ ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆయన పోయాక ఫోన్లో ఫోటోలు తీసుకెళ్ళిన డైరీ అంతా ఎక్కించి, తన ఫలితాలు కూడా జతచేసి ఏఐకి ఇచ్చిందట. అది తెలుగు కూడా చదువుతుందట.

"మూత వల్ల పెద్ద తేడా కనబడట్లేదంటోంది పిన్నిగారూ. మూత పెట్టిన రోజుల్లోనూ చాలాసార్లు సున్నం పనిచెయ్యలేదు. బాబాయ్ మాట ఇక పక్కన పెట్టాల్సిందే," అంది మెల్లగా. "ఇంకోటి కూడా అడిగింది. పదకొండు రోజుల రాత అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉందట. నిజంగా చూసి రాసినవేనా అంట! బాబాయ్ పద్ధతి దానికేం తెలుసు?"

నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కొన్ని సాయంత్రాలు ఆయన ఏమీ చెప్పకుండానే నిద్రపోయేవారు. లేపబుద్ధయ్యేది కాదు. పేజీ ఖాళీగా ఉంటే మర్నాడు నొచ్చుకుంటారని నేనే రాసేదాన్ని: "రేపల్లె గుల్లలు. నాలుగు గంటలు. మూత పెట్టి చల్లార్చాను." ఆయనకు నచ్చే మాట కదా అని. నిజానికి ఆ రోజుల్లో మూత పెట్టారో లేదో నాకు తెలియదు. ఇప్పుడు ఆ సంగతి చెబితే డైరీ మొత్తాన్ని ఎవరు నమ్ముతారు? చెప్పకపోతే ఇన్నేళ్ళ పనిలో ఆయన కనిపెట్టిన ఒక్క సంగతీ కొట్టుకుపోతుంది.

"ఆ పదకొండూ నేను రాసినవమ్మా. ఆయన చెప్పలేదు. నిద్రపోయారు."

కరుణశ్రీ "భలేదానివి పిన్నీ," అని కళ్ళు తుడుచుకుంది. ఎప్పుడూ 'మీరు' అనే పిల్ల. అక్కడే కూర్చుని ఆ రోజులు తీసేసి ఏఐని మళ్ళీ అడిగింది. ఇప్పుడు మూత వైపే కొంచెం మొగ్గుందట. కానీ ఈ కాసిని రోజులతో తేల్చలేనందట. ఒకే గుల్లలు కాల్చి, సగం మూత పెట్టి, సగం తెరిచి చల్లార్చి చూడమందట.

పదిహేను రోజులకి ఫోను చేసింది.

"మూడుసార్లు చేశా పిన్నీ. మూడుసార్లూ మూత పెట్టిందే బాగా పనిచేసింది. థీసిస్‌లో బాబాయ్ పేరు రాస్తున్నా. ఆ పదకొండు రోజులకీ నిజంగా గుర్తున్నదేమైనా ఉంటే రాసిపెట్టు. ఊహించి మాత్రం వద్దు, నీకు దణ్ణం."

"అలాగేనమ్మా," అన్నాను.

నా రాతలు కొట్టేసి, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చెంప కింద చెయ్యి పెట్టుకుని ఆయన పడుకున్న తీరు తప్ప ఇంకేదీ గుర్తులేదు. అది ల్యాబుకి పనికిరాదు. ఆ పదకొండు రోజులూ ఖాళీగానే వదిలేశాను.