మైకు మామ ట్రంకుపెట్టె

మైకు మామ పుట్టుకతో మైకు కాదు. ఒకప్పుడు ఆయన గొంతు ఎంత మెత్తగా ఉండేదంటే, గడ్డం గీస్తూ కబుర్లు చెబుతుంటే సగంమంది కుర్చీలోనే గుర్రు పెట్టేవారు. ఇంటి ముందు గదే ఆయన కటింగ్ షాపు. ఒక కుర్చీ, ఒక అద్దం, అద్దం కింద దువ్వెనలూ పటికబిళ్ళా. వెనకాల పూలపూల తెర. తెర అవతల వంటిల్లు, వంటింట్లో భార్య.

మామ పనితనం సగం కత్తెరలో ఉంటే సగం నోట్లో ఉండేది. కథ చెప్పకుండా ఒక్క తల కూడా వదిలిపెట్టేవాడు కాదు. తల తడిపేటప్పుడు కథ మొదలయ్యేది, చెవుల వెనక కత్తెర ఆడే వేళకు రసపట్టులో పడేది, మెడ మీద పౌడరు కొట్టగానే టక్కున ఆగేది. "తర్వాతేమైంది మామా?" అని గింజుకుంటే, "ముందు జుట్టు పెరగనీరా, చెప్తా" అనేవాడు. ఎవరికి ఎక్కడ ఆపాడో ఒక్కటీ మరిచిపోడు. అందుకే ఆ వీధిలో మగవాళ్ళకు జుట్టు పెరగకముందే క్షవరం గుర్తొచ్చేది.

భార్యకు మాత్రం ఈ వాగుడు గిట్టదని ఆయన గట్టి నమ్మకం. "నోరు నొప్పెట్టదా నీకు?" అని తెర వెనక నుంచే కసిరేది. పైగా కథ మంచి జోరుగా నడిచిన రోజున ఇంట్లో కూర తప్పకుండా మాడేది. "నీకు వంట మీద ధ్యాసే లేదే" అని సణుగుతూ ఆ మాడుకూరే తినేవాడు, పాపం.

ఇలా ఉండగా రోడ్డు వచ్చి పడింది. ఇంటిముందు రోడ్డు అంతకుముందు కూడా ఉండేదనుకోండి. కానీ అది రోడ్డులా బుద్ధిగా ఉండేది. దాన్ని వెడల్పు చేశారు. చాల్లేదని ఇంకా వెడల్పు చేశారు. చివరికి అది హైవే అయి కూర్చుంది. ఇక లారీలే లారీలు! హారన్ కొట్టకుండా ముందుకెళ్తే పరువు పోతుందన్నట్టు ఒకడి వెనక ఒకడు వాయించేవాడు. షాపులో అద్దం ఎంత వణికేదంటే, అందులో చూసుకున్నవాళ్ళు మొహం అదురుతోందే, ఏం రోగమో ఏమో అని బెంగపెట్టుకునేవారు.

లారీ కాస్త గొంతు పెంచింది, మామా కాస్త పెంచాడు. బస్సు ఇంకాస్త పెంచింది, మామా తగ్గలేదు. అలా పెరిగీ పెరిగీ ఆయన మాట నాలుగు ఇళ్ళ అవతలికి వినబడటం మొదలైంది. మైకు అనే పేరు అప్పుడు వచ్చిందే. ఆ తర్వాత షాపులో జనం పల్చబడ్డారు. "ఈ దిక్కుమాలిన రోడ్డు నా నోటికాడ కూడు లాగేసింది" అని మామ రోజూ రోడ్డును తిట్టేవాడు. అసలు సంగతి ఏమిటంటే, కథ వీధంతా ఉచితంగా వినబడుతుంటే తల అప్పజెప్పి వినే ఖర్మ ఎవరికి? ఎదురింటి మేడ మీది అత్తయ్య అయితే వాలుకుర్చీ వేసుకుని మరీ వినేది. ఈ ముక్క ఆయనకు చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఒకరోజు భార్య అటక మీది ట్రంకుపెట్టె దింపి మంచం పక్కన పెట్టింది.

"మా అన్నయ్య వాళ్ళింట్లో ఒక గది ఇస్తానన్నాడు. బయట ఆ మోత, లోపల నీ మోత, నా తల పగిలిపోతోందయ్యా. నువ్వొస్తే రా. లేకపోతే నేనొక్కదాన్నే పోతా" అంది.

ఉత్తినే బెదిరిస్తోందేమో అనుకున్నాడు మామ. కానీ పెట్టె మంచం పక్కనే ఉండిపోయింది. అది ఖాళీగా ఉందో, సర్దేసిందో తెలియదు. మూత ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. అంత నోరున్న మనిషికి ఆ మూత ఎత్తడానికి చెయ్యి రాలేదు. భార్య వెళ్ళిపోతే తాను బతకలేనని ఆయనకు తెలుసు. ఆ మాట ఆవిడతో అనడం మాత్రం చేతకాలేదు.

మనసులో ఏది మెదిలితే అది నోట్లోకి రావడం ఆయనకు అలవాటు. మర్నాటి నుంచి కథలోకి ఒక ట్రంకుపెట్టె వచ్చేసింది. ఒక పెద్దావిడ ఇంట్లో కొత్తగా అద్దెకు దిగినవాడు తెచ్చిన పెట్టె. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. చెబుతున్న మామకు అసలే తెలియదు.

ఇంతలో రోడ్ల ఆఫీసుకు వెళ్ళి, చప్పుడు రాకుండా రోడ్డు పక్కన గోడ కట్టమని మొరపెట్టుకున్నాడు. గోడ కడితే మోత తగ్గుతుంది, మోత తగ్గితే భార్య ఆగుతుంది. ఇదీ ఆయన లెక్క. ఆయన మొర పక్క గదుల్లోవాళ్ళు కూడా లేచొచ్చేటంత గట్టిగా సాగడంతో, ఈయన్ని ముందు బయటికి పంపితే చాలనుకుని వాళ్ళు సరేనన్నారు.

అన్నట్టే ఒక ఆఫీసరమ్మ చప్పుడు కొలిచే మీటరు తీసుకుని వచ్చింది. మూడుకాళ్ళ స్టాండు మీద దాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టింది.

"మీ పని మీరు మామూలుగా చేసుకోండి. నేను ఇలా కూర్చుంటాను" అంది.

ఆ మామూలుగా అన్న మాటే కొంప ముంచింది. కుర్చీలో రిటైరైన పోస్టుమాస్టరు ఉన్నాడు. గోడవార బల్ల మీద ఆఫీసరమ్మ, కథ బొత్తిగా తెలియని కొత్త మనిషి, అందులోనూ చదువుకున్న మనిషి! మామ నోరు ఊరుకుంటుందా? కథ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మేడ మీద అత్తయ్య వాలుకుర్చీ లాక్కుంది. మామకు ఊపొచ్చింది. మీటరు మీద ఎర్రదీపం వెలిగి ఆరి, వెలిగి ఆరి, చివరికి వెలిగే ఉండిపోయింది.

"చూశారా మేడమ్! రోడ్డు ఎలా అరుస్తోందో!" అని అరిచాడు మామ.

కథలో పెద్దావిడ పెట్టె మూత మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే ఆఫీసరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"లారీ పోయినప్పుడు ముల్లు ఇదిగో, ఇక్కడిదాకా వస్తోందండీ. మీరు 'పెట్టె' అన్నప్పుడల్లా చివరికంటా పోయి కొట్టుకుంటోంది."

మామ గడ్డం కత్తి గాల్లోనే ఆగిపోయింది.

"గోడ సంగతి పైవాళ్ళకు రాస్తాను. కానీ గోడ కట్టినా మీరు గోడకు ఇవతలే ఉంటారు కదా! ముందు మీరు గొంతు తగ్గించాలి. లేకపోతే మీకే నోటీసు ఇవ్వాల్సొస్తుంది."

పోస్టుమాస్టరు నవ్వు ఆపుకోలేక సబ్బునురగ మింగాడు. ఆఫీసరమ్మ స్టాండు మడిచి గుమ్మం దిగి, మళ్ళీ వెనక్కి వచ్చి, "ఇంతకీ పెట్టెలో ఏముందండీ?" అని అడిగింది. మామ మొహం అటు తిప్పుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు మరి!

ఆ మర్నాటి నుంచి మామ నోరు మూతపడింది. కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వీధికి పిచ్చెత్తిపోయింది. పెద్దావిడ చెయ్యి మూత మీద ఉండిపోయె, ఆపైన ఏమైందో చెప్పే నాథుడు లేకపోయె!

"ఏమయ్యా, ఆవిడ మూత తీసిందా లేదా? ముద్ద దిగట్లేదు నాకు" అని మేడ మీది అత్తయ్య కేకేసింది. మామ పెదాల మీద వేలు పెట్టి చూపించాడు.

చివరికి పోస్టుమాస్టరే ఆగలేకపోయాడు. మొన్ననే క్షవరమైన తలతో వచ్చి, "మీసం సర్దు" అని కూర్చుని చెవి అప్పజెప్పాడు. మామ అటూ ఇటూ చూసి, వంగి, ఆ చెవిలో గుసగుసగా రెండు ముక్కలు చెప్పాడు. బయట లారీలు బ్రహ్మాండం బద్దలయ్యేలా పోతూనే ఉన్నాయి. అయినా పోస్టుమాస్టరుకు ప్రతి అక్షరం వినబడింది.

సంగతి పొక్కింది. చెవిలో తప్ప చెప్పడట! చెవి ఇవ్వాలంటే కుర్చీలో కూర్చోవాలి, కూర్చున్నాక ఏదో ఒకటి గొరిగించుకోవాలి. షాపు కిటకిటలాడిపోయింది. మేడ మీది అత్తయ్య, విని వచ్చి తనకు చెప్పమని మొగుణ్ణి గడ్డం గీయించుకోవడానికి పంపింది. ఆ మెత్తటి గొంతుకు ఆయన హాయిగా నిద్రపోయి తిరిగొచ్చాడు. ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టి మర్నాడు మళ్ళీ పంపింది. గీయడానికి అక్కడేం మిగిలిందని మామ అడిగితే, "ఉత్తినే తిప్పవయ్యా బాబూ, ఇంట్లో నాకు చీవాట్లు పడుతున్నాయి" అన్నాడాయన.

చేతినిండా పని ఉందన్న మాటే గానీ మామకు మనసు మనసులో లేదు. కథను పెట్టె చుట్టూ తిప్పుతాడు, అద్దెకున్నవాడికి జ్వరం తెప్పిస్తాడు, పెద్దావిడ చేత తాళంచెవి పారేయిస్తాడు, మూత మాత్రం ఎత్తడు. బయట రోడ్డు తగ్గలేదు. మంచం పక్కన పెట్టె కదల్లేదు. భార్య ముభావంగా ఉంటోంది. విచిత్రం ఏమిటంటే, ఈమధ్య కూర ఒక్కరోజు కూడా మాడలేదు. పోయేముందు బుద్ధిగా వండిపెడుతోందేమో అని ఆయనకు ఇంకా భయం వేసింది.

ఆ రోజు ఆఖరి మనిషి వెళ్ళాక తలుపు మూయబోతుంటే భార్య తెర తీసుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. పెళ్ళయిన నాటి నుంచి ఆ కుర్చీని తుడవడమే గానీ ఎన్నడూ కూర్చుని ఎరగదు.

"ఏమిటే?" అన్నాడు.

"జుట్టు చివర్లు కత్తిరించు."

మామ గుడ్డ కప్పాడు. దువ్వెన తీశాడు. 

"ఊఁ, చెప్పు" అంది.

"ఏం చెప్పను?"

"ఏం చెప్పనంటావేం? ఇన్నేళ్ళూ ఆ తెర వెనక నిలబడి వింటూనే ఉన్నా. కూరలు ఎందుకు మాడేవనుకున్నావ్? ఇప్పుడేమో ఊళ్ళో వాళ్ళందరి చెవుల్లో ఊదుతున్నావ్, నాకు లారీలు తప్ప ఏమీ వినబడట్లేదు. ఆవిడ మూత తీసిందా, లేదా?"

మామ దువ్వెన కింద పెట్టేశాడు.

"తియ్యలేదే. తియ్యాలంటే భయం."

"భయమెందుకు?"

"లోపల... చీరలుంటే?"

అద్దెకున్నవాడి పెట్టెలో చీరలెందుకుంటాయని ఆవిడ అడగలేదు. అద్దంలో ఆయన మొహం కేసి చూసింది.

"ఇటు వంగు" అంది.

వంగాడు. జీవితంలో మొదటిసారి తన చెవి ఇంకొకరికి ఇచ్చాడు.

"ఖాళీయే" అంది ఆవిడ చెవిలో. "ఒక చీర పెట్టేదాన్ని, ఇవతల నువ్వు కథ ఎత్తుకునేవాడివి, పెట్టె వదిలేసి వినడానికొచ్చేదాన్ని. తర్వాత ఆ చీరే తీసి కట్టుకునేదాన్ని. నాకు చెప్పకుండా ఇలాగే గుసగుసలాడావంటే మాత్రం రేపటికల్లా నిండుతుంది."

బయట లారీ ఒకటి పెద్దగా హారన్ కొట్టుకుంటూ పోయింది. అద్దం వణికింది.

"వినబడలేదు. మళ్ళీ చెప్పవే" అన్నాడు మామ.

"అబద్ధాలకోరు" అంది గానీ, మళ్ళీ చెప్పింది.

అప్పటి నుంచి రోజూ ఆ కుర్చీలో ఆఖరి క్షవరం ఆవిడదే. కత్తెర ఉత్తినే ఆడుతుంది. కథ ముందు ఆవిడ చెవిలో పడ్డాకే మర్నాడు వీధికి అందుతుంది. ఆవిడ జుట్టు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.