టీవీ లేని గది

మస్కట్‌లో కేబుల్ కంపెనీలో పనిచేసిన రోజుల్లో, కనెక్షన్ తీసుకోని గదుల్లో దొంగతనంగా టీవీ చూస్తున్నారేమోనని నెలనెలా సోదా చేయడం నా డ్యూటీ. అందరూ విసుక్కునేవారు. ఆ ఊళ్లోనే మత్రా అనే పేటలో ఒంటరిగా ఉండే కడప దర్జీ మాత్రం "రా నాయనా, బాగా సూడు" అంటూ మంచం కింద కూడా చూపించి, టీ పెట్టేవారు. ఆయనకసలు టీవీయే లేదు.

"ఒకటి కొనుక్కోవచ్చు కదా?" అన్నానోసారి.

"ఒక్కన్నే కూచోని నవ్వుకుంటే ఏం బాగుంటాది నాయనా?"

ఊరికే ఆయన్ని ఇబ్బంది పెట్టడమెందుకని జాబితాలోంచి ఆ గదిని తీయించాను. రెండు నెలలకు ఆయనే ఆఫీసుకొచ్చారు, చొక్కా నిండా దారప్పోగులతో.

"నా రూముకు రావడం మానేసినారే. నేనేమన్నా తప్పు చేసినానా?"

సెలవురోజు శుక్రవారం వెళ్లి, పొద్దుగూకేదాకా ఆయన దగ్గరే కూర్చున్నాను.