నోట్లో మేకులు, చేతిలో బిల్లు

మా వీధి సోఫాల మేస్త్రి వృత్తిలో అసాధ్యుడు. ఎంత కుంగిపోయిన సోఫానైనా లేవనెత్తి, పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి పంపేవాడు. ఆయన విద్యకు లొంగనిది ఒక్కటే: ధర చెప్పడం. "ఎంతయింది మేస్త్రీ?" అనగానే ఆ మహానుభావుడు తల గోక్కుని, "మీ ఇష్టమండీ. మన మధ్య ఎక్కువ తక్కువలేముంటాయి?" అనేవాడు. ఎక్కువ నిజంగానే ఎప్పుడూ ఉండేది కాదు. గుడ్డ మార్చడానికేగా అనుకుని జనం చేతిలో ఏదో పెట్టేవారు. లోపల మార్చిన స్ప్రింగులు, పట్టీలు ఎవరి కంటా పడవు. చెప్పడానికి ఈయనకు నోరు పెగలదు.

చివరికి స్పాంజి కొట్టాయన అరువు ఆపేశాడు. పాత బాకీ కడితేగాని కొత్త సరుకు లేదు. సరుకు లేకపోతే షాపుకు తాళమే. సరిగ్గా అప్పుడు మరమ్మతుకు వచ్చింది కూతురి మామగారి సోఫా.

"వియ్యంకుడికి బిల్లేమిటే? అమ్మాయి ముఖం చూడొద్దూ?" అన్నాడు మేస్త్రి.

"అమ్మాయి ముఖం వాళ్ళు రోజూ చూస్తూనే ఉన్నారు. స్పాంజి కొట్టాయన ముఖం మీరు చూస్తారా, నన్ను చూడమంటారా?" అంది భార్య.

పక్కన కూర్చుని బిల్లు రాయించింది. పాత గుడ్డ ఊడదీయడం, స్ప్రింగులు, పట్టీలు, స్పాంజి, కొత్త గుడ్డ, కూలి: దేని ఖరీదు దానికెదురుగా, అడుగున మొత్తం. ఆ కింద ఆయన అలవాటుగా 'తమరి ఇష్టం' అని మొదలెట్టేసరికి కలం లాక్కుంది.

"కాగితం సరే. మీ నోటికెవరు కాపలా?" అని కాసేపు ఆలోచించి ఉపాయం చెప్పింది. సోఫా అడుగు గుడ్డ కొట్టకుండా తీసుకెళ్ళాలి. అక్కడ బోర్లించి లోపలి పని చూపించాలి. బిల్లు చేతికిచ్చి, ఎప్పటిలాగే మేకులు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే తీసి కొట్టుకోవాలి. "డబ్బు జేబులో పడేదాకా ఉమ్మొద్దు."

వియ్యంకులవారు కళ్ళజోడు తగిలించుకుని, సోఫా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, బిల్లులోని ప్రతి వస్తువునూ లోపల వేలితో తాకి మరీ పోల్చుకున్నారు.

"అంతా వివరంగానే ఉంది. మనలో మనం, ఎంత తగ్గిస్తారు బావగారూ?"

టక్. టక్.

"పోనీ నన్నే చెప్పమంటారా?"

మేస్త్రి గొంతులో 'మీ ఇష్టం' బయల్దేరి, మేకుల దాకా వచ్చి ఆగిపోయింది. "మ్మ్" అన్న గర్జన మాత్రం వినిపించింది. వియ్యంకులవారు గబగబా లేచి, మొత్తం తెచ్చి ఆయన జేబులో పెట్టారు.

"కోపం తెచ్చుకోకండి బావగారూ. మీరేమో ధర చెప్పరు, ఎంతిస్తే తక్కువవుతుందోనని ఇన్నాళ్ళూ ఆ సోఫా గుంతల్లోనే కూర్చున్నాం. ఇలా రాసిస్తారని తెలిస్తే ఎప్పుడో పంపేవాణ్ణి."

ఇంటికొచ్చాక భార్య డబ్బు లెక్కపెట్టి, "ఇక ఉమ్మేయండి," అంది.

మేస్త్రి మిగిలిన మేకులు అరచేతిలోకి ఉమ్మి, "ట్రాలీ ఆటో కిరాయి రాయడం మర్చిపోయామే," అన్నాడు.

"అయితే రేపు వెళ్ళి అడుగుతారా?"

మేస్త్రి మేకులన్నీ మళ్ళీ నోట్లో పోసుకున్నాడు.