మధ్యలో మాయమయ్యే పద్మజ

తిరువూరు మెయిన్ రోడ్డులో రంగుల కొట్టున్న చంద్రశేఖరం భార్య పద్మజకు నలభై ఆరో ఏట రెండు సంగతులు జరిగాయి. మేడమెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. మూడు నెలలు కదలకుండా కూర్చోవలసి వచ్చి, కూతురు స్నిగ్ధ వదిలేసి వెళ్లిన కంప్యూటర్లో తుపాకుల ఆట నేర్చుకుంది.

నవ్వకండి. మంచాన పడ్డవాళ్లు లోకంలో చాలా నేర్చుకున్నారు. కొందరు భాషలు, కొందరు చదరంగం, ఎక్కువమంది చాడీలు. ఈమెకు ఇది దొరికింది. అయిదుగురి జట్టులో ఆమె పని కాల్చడం కాదు, దెబ్బ తిన్నవాళ్లకు మందు వేసి లేపడం. జట్టు నాయకుడు హర్షవర్ధన్ విజయవాడలో ఉద్యోగస్తుడు. ఆట నడుమ చెవిలో, "అక్కా, ఇప్పుడేం చేద్దాం?" అని అడుగుతాడు. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

కట్టు విప్పి, లేచి తిరగడం మొదలుపెట్టాక పీడ పట్టుకుంది. ఆట మంచి కాక మీద ఉండగా నెట్టు పోతుంది. అర నిమిషంలో అదే వస్తుంది. ఈలోగా మందు వేసే మనిషి మాయమై మిగతా నలుగురూ చచ్చి ఉంటారు.

"అక్కా, శనివారం నాలుగింటికి ఆఖరి మ్యాచ్," అన్నాడు హర్షవర్ధన్. "ఈసారి కూడా పోతే వేరేవాళ్లని తీసుకోవాలి. నేను ఒక్కణ్నయితే ఫర్వాలేదు, మిగతావాళ్లు ఊరుకోవట్లేదు."

ఆ వారం ఆమెకు అన్నం సయించలేదు. నెట్టు పెట్టెను ఆపి మళ్లీ వేసింది. వైరు ఇంకో రంధ్రంలో గుచ్చింది. కరెంటు పొదుపు చేసే సెట్టింగేదో ఉందంటే వెతికి తీసేసింది. నెట్టు పోయినప్పుడల్లా వంటింట్లో మిక్సీ తిరుగుతోందా, మోటారు ఆన్‌లో ఉందా అని పరిగెత్తింది. ఎప్పుడూ ఉండే రోగాన్ని పట్టుకోవచ్చు, వచ్చిపోయేదాన్ని పట్టుకోవడమే కష్టం. పూర్వం సముద్రం అడుగున వేసిన తంతి తెగితే, ఎక్కడ తెగిందో వెతుకుతూ ఓడలు వారాల తరబడి నీళ్ల మీద తిరిగేవి. పద్మజ సముద్రం రెండు గదులు, ఒక హాలు.

ఒక్కటి మాత్రం తెలివైన పని చేసింది. పోయినప్పుడల్లా క్యాలెండరు మీద టైము రాసింది.

శనివారం మూడింటికి నెట్టు మనిషి యేసుదాసు వచ్చాడు.

"ఫోన్లో వైఫై వస్తోందా అమ్మా, అది పోయినప్పుడు?"

"వస్తుంది. కంప్యూటర్లోనే పోతుంది."

"అయితే మా లైను మంచిదే. తప్పు పెట్టెకీ కంప్యూటరుకీ మధ్యన." క్యాలెండరు వంక చూసి నవ్వాడు. "అన్నీ శుక్రవారం, శనివారమే. మీ నెట్టుకి వారానికి రెండ్రోజులు సెలవా ఏంటి?"

ఆమెకు నవ్వు రాలేదు. గడియారం చూసింది. మూడుంబావు.

యేసుదాసు హాల్లో పెట్టె దగ్గర మొదలుపెట్టి వైరు వెంట వేళ్లు పోనిస్తూ, కంప్యూటరున్న వెనక గది గుమ్మం దాకా వెళ్లి, కర్టెను తొలగించి ఆగిపోయాడు. గడప మూల రెండు వైరు ముక్కలను కలిపే చిన్న ప్లాస్టిక్ జాయింటు ఉంది. ఆమె మంచంలో ఉండగా ఎలక్ట్రీషియన్ వేసింది. అది అక్కడుందని ఆమెకు తెలియదు. ఊడదీసి చూపించాడు. లోపల పచ్చటి ముద్ద. రాగి ముళ్లు చిలుం పట్టి ఉన్నాయి.

"పసుపు!" అంది పద్మజ.

కాలు విరిగిన మూడు నెలలూ ఇంట్లో ఎవరూ గడపలు కడగలేదు. లేచిన మొదటి శుక్రవారం నుంచీ ఆమె ప్రతి శుక్రవారం నాలుగు గడపలూ కడిగి, చెంబుడు పసుపు నీళ్లు మూలమూలలకూ పట్టిస్తోంది. మానేసినన్నాళ్ల బాకీ తీర్చినట్టు, ఇంకాస్త ధారాళంగా.

"గడపకి పూయకుండా ఎట్లా యేసుదాసూ?"

"గడపకి పూసుకోండమ్మా, నేనేమన్నా వద్దన్నానా? వైరుకెందుకు పేరంటం?"

"ఇప్పుడు బాగుచెయ్యి మరి!"

"కొత్త జాయింటు ఆఫీసులో ఉంది. వెళ్లొచ్చేసరికి నాలుగున్నర."

మూడున్నర అయింది. పద్మజ చెంగు నడుముకు చుట్టింది. "అయితే కంప్యూటరే హాల్లో పెట్టె దగ్గరికి పోతుంది. నువ్వు ఆ సీపీయూ డబ్బా పట్టుకో."

హాల్లో టీపాయ్ మీద, పెట్టె పక్కనే సరంజామా అమరేసరికి నాలుగుకు రెండు నిమిషాలు. ఆట మొదలైంది. నాలుగుంబావుకు చంద్రశేఖరం టీకని రంగుల కంపెనీ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. భార్య పేకముక్కలేవో ఆడుకుంటుందనే ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"వెనక్కి రారా హర్షా! చస్తావ్! నేనొస్తున్నా, కదలకు!"

"ఏంటే ఇది?" అన్నాడు చంద్రశేఖరం.

"ఫ్లాస్కులో ఉంది, పోసుకోండి," అంది తల తిప్పకుండా.

ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను తెర మూలన నెట్టు గుర్తు మీద. అలా చూడబట్టే రెండుసార్లు మందు ఆలస్యంగా వేసింది. ఆఖరి రౌండులో వరసగా ముగ్గురు పడ్డారు. జట్టు ఓడిపోయింది.

ఆమె హెడ్‌సెట్ చెవికి అదుముకుంది.

"అక్కా," అన్నాడు హర్షవర్ధన్. "ఉన్నావా?"

"ఉన్నాను."

"చివరిదాకా ఉన్నావు. ఓడితే ఓడాంలే. వచ్చే లీగుకి నీ పేరు రాస్తున్నా."

ఆమె సరేనంది. ఆట అయిపోయినా లేవలేదు. ఆ గుర్తు ఇంకా వెలుగుతోందా లేదా అని చూస్తూ అక్కడే కూర్చుంది.