దూకలేని ఫైలుకు నా దొంగ హామీ

ఇస్నాపూర్‌లో ముగ్గురం ఒక గది కిరాయికి తీసుకున్న ఆ రోజుల్లో, ప్రోగ్రాం రాయడం లోకంలో నాకొక్కడికే వచ్చనుకునేవాణ్ణి. (మిగతా ఇద్దరూ వెల్డర్లు కాబట్టి గది వరకు అది నిజమే.) పటాన్‌చెరులో, మందుల ప్లాంట్ల కోల్డ్ రూముల్లో ఉష్ణోగ్రత నమోదు చేసే డబ్బాలు తయారుచేసే చిన్న కంపెనీలో ఉద్యోగం. ఆరు నెలలు గడిస్తేగాని పర్మనెంట్ కాదు. ప్రతి లైనూ ఆపి చూసే మా సీనియరు పెద్దాయనను చాటుగా 'టికెట్ చెకింగ్' అనేవాళ్లం. ఫైల్లో కోరిన తేదీకి నేరుగా దూకడాన్ని సీక్ అంటారు. చవక మెమరీలకు ఆ విద్య రాదు. అలాంటి మెమరీ పెడితే ప్రోగ్రాం కంపైల్ కాకుండా, అంటే డబ్బాలోకి ఎక్కే రూపానికే రాకుండా ఆగిపోయేలా, మెమరీని నడిపే డ్రైవర్ కోడ్‌లో ఆయన కాపలా పెట్టాడు. "ప్లాంట్ల ఆగుడు కన్నా మన టేబుల్ మీద ఆగుడు నయం రా" అనేవాడు. ఏం పిరికి మనిషో అని నవ్వుకునేవాణ్ణి.

ఆయన సెలవు పెట్టిన రోజే చవక మెమరీ వచ్చింది. సరుకు సాయంత్రానికి వెళ్లాలి. కంపైలర్ 'సీక్ లేదు' అని మొండికేసింది. నేను దాన్ని మించిన మొండివాణ్ణి. 'లేదు' అన్నచోట 'ఉంది' అని రాసి, ఏ పనీ చేయకుండా 'అయిపోయింది' అని మాత్రం చెప్పే సీక్ ఒకటి తగిలించాను. కంపైలర్ కిక్కురుమనలేదు. నా తెలివికి నేనే రెండు సమోసాలు బహుమతిచ్చుకున్నాను.

నెల తర్వాత ప్లాంటు నుంచి ఫోను: మర్నాడు తనిఖీ, డబ్బా పనిచేయడం లేదు. పెద్దాయన వెంట వెళ్లాను. కోల్డ్ రూం చూసుకునే ముసలాయన, అందరికీ కాకా, నిలదీశాడు. "ఏంది సార్ గిది? ఏ తారీఖు అడిగినా మొదటి దినందే సూపిస్తది. మా గోడ గడియారం నయం, ఆగిందని సూస్తే ఎరుకైతది. గిది ఆగి గూడ నడుస్తున్న అంటది!"

అంత చలిలోనూ నాకు చెమటలు పట్టాయి. నిజం ఒప్పుకున్నాను. పెద్దాయన అరవలేదు, దానికే ఎక్కువ భయమేసింది. "మెమరీ దూకదు గని, మొదటికెల్లి సదువుతది గదా. కూసో. అన్ని దినాలు సదివి, కాయితం మీదికి తియ్యి" అన్నాడు. చలికి వణుకుతుంటే కాకా తన మంకీ క్యాపు నా నెత్తిన పెట్టాడు. సాయంత్రానికి నెలంతా కాగితం మీదికొచ్చింది.

"సార్, నా ఉద్యోగం?" అన్నాను.

"నీ అసొంటోళ్లు ఉంటరనే గదరా కాపలా పెట్టింది. ఇంకొకన్ని తెచ్చి మళ్ల మొదటికెల్లి నేర్పాల్నా? రేపు జల్దీ రా."

ఇప్పుడు పెద్దాయన కుర్చీలో నేనున్నాను. నాకూ ఏదో పేరు పెట్టే ఉంటారు, నేను లోపలికి రాగానే నవ్వులు ఆగిపోతాయి. నిన్న కొత్తగా చేరిన అమ్మాయి కంపైలర్ మీద విసుక్కుంటూ "ఈ కాపలా ఏ పిరికి మనిషి పెట్టిండో" అంది. పెట్టింది పెద్దాయన, దాన్ని దాటింది నేనని చెప్పలేదు. సొరుగులోంచి, ఆనాడు తిరిగివ్వకుండా ఉంచుకున్న కాకా మంకీ క్యాపు తీసి ఆమె బల్ల మీద పెట్టి, నవ్వుకుంటూ వచ్చేశాను.