ఇంకో రెండు చోట్ల చూసి వస్తానన్నాను

నాకు ఇరవై ఏళ్ళున్న కాలంలో మా నరసరావుపేట బజారులో కుర్రాళ్ళ భవిష్యత్తు చాలా తేలిగ్గా తేలిపోయేది. కంప్యూటర్లు చదివినవాడు హైదరాబాదు బస్సెక్కుతాడు, లెక్కలు చదివినవాడు బీఈడీ చేసి బడిపంతులవుతాడు, ఏమీ చదవనివాడు వాళ్ళ నాన్న కొట్లో కూర్చుంటాడు. ఈ మూడింటిలో దేనికీ చెందకుండా నేను జియాలజీ చదివాను. ఎందుకు చదివావని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు. నిజం చెప్పాలంటే చవగ్గా కనబడింది కాబట్టి. గుంటూరులో డిగ్రీలో చేరడానికి వెళ్ళిన రోజు మిగతా గ్రూపుల దగ్గర ఒకటే తోపులాట. జియాలజీ బల్ల దగ్గర మాత్రం ఒక గుమాస్తా ఒంటరిగా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. బట్టల కొట్లో పెరిగినవాణ్ణి, గిరాకీ లేని చోటు కనబడితే నా కాళ్ళు అటే లాగుతాయి. అక్కడైతే బేరం కుదురుతుందని ఆశ. ఫీజు తగ్గించమని కూడా అడిగాను (తగ్గించలేదు గానీ గుప్పెడు వేరుశనక్కాయలు పెట్టాడు). ఇంటికొచ్చి చెబితే మా నాన్న చేతిలోని మీటరు బద్ద పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవురూ కొనని సరుకు నువ్వెందుకు కొన్నావురా?"

ఆ తర్వాత మూడేళ్ళు మా వీధి నన్ను ఎలా వాడుకోవాలో తెలియక తికమకపడింది. నాయనమ్మ తన ఉంగరంలోని ఎర్రరాయి అసలుదో కాదో చెప్పమంది. ఎదురింటి మిరపకాయల మామయ్య (మిర్చి దళారీ కనక ఆ పేరు) నూజెండ్ల దగ్గర తన పొలంలో బోరు ఎక్కడ వేయాలో చూపించమని బండెక్కించుకుని తీసుకుపోయాడు. పుస్తకంలో ఉన్నదంతా ఏకరువు పెట్టాక, సరేలే అబ్బాయ్ అని, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచే ఆయనకు కబురు చేశాడు. మా కొట్టు పక్కనే స్టీలు సామాన్ల కొట్టు నడిపే మా బాబాయి మాత్రం సూటిగా అడిగాడు, రాళ్ళు కొట్టేవాళ్ళు మన చుట్టుపక్కల ఊరూరా ఉన్నారు గదా, వాళ్ళలో డిగ్రీ చేసినవాడు ఒక్కడన్నా ఉన్నాడా అని. నాకు తెలిసినంతలో లేడని ఒప్పుకున్నాను.

మాకు చదువు చెప్పిన రాళ్ళ మాస్టారు మాత్రం ఒప్పుకునేవారు కాదు. బక్కపలచటి మనిషి, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట భూతద్దం ఉండేది. జియాలజీ చదివినవాడికి ఉద్యోగాలకేం కొదవ అని మొదలుపెడితే చమురు బావులు, బొగ్గు గనులు, ఆనకట్టలు, సొరంగాలు, భూగర్భ జలాలు అంటూ గంట కొట్టేదాకా చెప్పుకుపోయేవారు. వింటుంటే దేశమంతా తవ్వి మాకోసం అట్టేపెట్టినట్టుండేది. అవన్నీ ఎక్కడున్నాయి మాస్టారూ అంటే, పై చదువు చదివితే కనబడతాయనేవారు. పై చదువంటే మా నాన్న దృష్టిలో అమ్ముడుపోని తానుకు ఇంకో తాను జత చేయడం. కాబట్టి నేను పెద్దగా ఆశలు పెట్టుకోలేదు. డిగ్రీ అయ్యాక గల్లాపెట్టె వెనక నా కుర్చీ ఎటూ ఉంటుందిలే అనుకుని, పరీక్షలకు సరిపడా చదువుతూ కాలక్షేపం చేస్తున్నాను.

కానీ రెండో ఏడు ఒక తిరకాసు జరిగింది. మాస్టారు మమ్మల్ని కారంపూడి వైపు గుట్టల్లోకి తీసుకెళ్ళారు. ఒక రాతి పొర మీద నా చెయ్యి పెట్టించి, ఇది కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద అని చెప్పారు. ఎండకు అరచెయ్యి చుర్రుమంది. చుట్టూ చూస్తే మిరప చేలు, మేకలు, దూరంగా దుమ్ము లేపుకుంటూ పోతున్న ఒక బస్సు. ఈ కరువు నేల మీద సముద్రం ఉండేదా అని నేను చెయ్యి తీయకుండా అలాగే నిలబడిపోయాను. మిగతావాళ్ళు టిఫిన్ డబ్బాలు విప్పుతున్నా కదల్లేదు. చవగ్గా దొరికిందని కొన్న సరుకు మీద నాకే మోజు పుట్టింది. వ్యాపారం చేసుకునేవాడికి జరగకూడని పని ఇది. ఆ తర్వాత ఎక్కడ రాయి కనబడినా జేబులోని సీసాలోంచి ఒక చుక్క ఆసిడ్ వేసి నురగ వస్తుందేమో చూడటం (సున్నపురాయి అయితే బుసబుసమంటుంది), ఆ ఆసిడ్ జేబులోనే ఒలికి ప్యాంటుకు చిల్లులు పడటం, కొత్త ప్యాంటు గుడ్డ కోసం మళ్ళీ మా నాన్న ముందే నిలబడటం, ఇలా గడిచింది మిగతా చదువు.

డిగ్రీ అయిన ఏడు గురజాల అవతల ఒక సున్నపురాయి గనిలో ట్రైనీలను తీసుకుంటున్నారని తెలిసి, మాస్టారు అక్కడి పెద్ద సారుకు నా గురించి ఉత్తరం రాశారు. రాళ్ళతో పని, మన జిల్లాలోనే, బస్సెక్కితే ఇల్లు. నేను పుట్టి బుద్ధెరిగాక దేన్నీ అంతగా కోరుకోలేదు. అక్కడే వచ్చింది చిక్కు. కావలసిన వస్తువు కావాలన్నట్టు కనబడకూడదనేది మా ఇంట్లో అక్షరాలకన్నా ముందు నేర్పే పాఠం. మా అమ్మ చీర నచ్చితే మొహం చిట్లిస్తుంది, మరీ నచ్చితే లేచి నడుస్తుంది. అదే విద్యను నేను మా కొట్లో గల్లాపెట్టె వైపు నుంచి నేర్చుకున్నాను. మా కొట్టుకు మెట్లు మూడు. "ఇంకో రెండు చోట్ల చూసి వస్తాం" అని లేచినవాళ్ళను మొదటి మెట్టు దగ్గరే పిలిస్తే అలుసైపోతాం, మూడో మెట్టు దిగాక కూడా పిలవకపోతే బేరం పోతుంది. నిజంగా పోయేవాళ్ళు చరచరా పోతారు. పిలుపు కోసం పోయేవాళ్ళకు చెప్పులు ఒక పట్టాన దొరకవు. అలా చెప్పులు వెతుక్కునే మనిషిని మా నాన్న పిలవకుండా వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు. లోకమంతా అలాగే పిలుస్తుందనుకున్నాను.

ఇంటర్వ్యూకి బాబాయి తోడొచ్చాడు (నాన్న కొట్టు వదిలి కదలడు). మే నెల. ఏటా పేపర్లో పడే రెంటచింతల ఎండ ఆ రోజు మా వైపు కూడా ఒక చూపు చూసింది. గని గేటుకు ఎదురుగా టీ బంకు ముందు వేప చెట్టు కింద బాబాయి బల్ల లాక్కుని కూర్చుని, "మొదటి మాటకే తల ఊపమాక" అని దీవించి పంపాడు. లోపల వరండాలో నాతోపాటు ఇంకొకడే ఉన్నాడు. కారంపూడి కుర్రాడు, నాకన్నా ఏడాది చిన్న. వాళ్ళ నాన్న క్వారీలో డ్రిల్లు మిషను మీద పనిచేసేవాడట. తన నీళ్ళ సీసా నాకిచ్చి, నాకు భయంగా ఉందన్నా, ముందు నువ్వు పో అన్నాడు.

పెద్ద సారు ఎండకు మాడిన మనిషి, గొంతు మాత్రం మెత్తన. బల్ల మీద ఆరు రాళ్ళు పెట్టి ఏమిటో చెప్పమన్నారు. అయిదు చెప్పేశాను. ఆరోదాని మీద ఆసిడ్ చుక్క వేస్తే ఉలుకూ పలుకూ లేదు. ఆయన దగ్గర చాకు అడిగి, కొంచెం గీకి, ఆ పొడి మీద మళ్ళీ వేశాను. సన్నగా నురగ లేచింది. "డోలమైట్ సార్" అన్నాను (సున్నపురాయికి దాయాది, పొడి చేస్తేగానీ నురగ రాదు). ఆయన కుర్చీలో ముందుకు వంగి, ఎవరు నేర్పారు నీకు అని అడిగి, మాస్టారి పేరు విని హాయిగా నవ్వారు. రెండు పోస్టులున్నాయి, ఒకటి నీదే అనుకో, ఎప్పుడు చేరతావు అన్నారు. జీతం కూడా చెప్పారు. అది నేను బస్సులో అనుకుంటూ వచ్చినదానికన్నా ఎక్కువే. ఒప్పుకుని కాళ్ళకు దణ్ణం పెట్టాల్సిన మాట. కానీ నా మొహం దానంతటదే చిట్లిపోయింది. ఇరవై ఏళ్ళ తర్ఫీదు మరి.

"ఆఖరి మాట చెప్పండి సార్" అన్నాను.

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ట్రైనీలందరికీ ఒకటే బాబూ, ఏడాది గడిచాక పెంచుతారు అని ఓపిగ్గా చెప్పారు. మా కొట్లోనూ ఏకధర అని బోర్డు ఉంది, దానర్థం నాకు తెలియంది కాదు. ఫైలు చంకలో పెట్టుకుని లేచాను. "ఇంకో రెండు చోట్ల చూసి వస్తా సార్." (ఆ రెండు చోట్లు భూమ్మీద ఎక్కడా లేవు. ఉన్న ఒక్క చోటూ మాస్టారు ఉత్తరం రాస్తే దొరికింది.) ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, "మంచిది బాబూ, ఎక్కడ చేరినా బాగా చెయ్యి" అని బెల్లు కొట్టారు.

అంత నెమ్మదిగా నేను జన్మలో నడవలేదు. తలుపు దగ్గర ఆగి ఫైలు సర్దుకున్నాను. వరండాలో బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాను. రెండో బూటుది కూడా కట్టుకున్నాను. ఈలోపు కారంపూడి కుర్రాడు లోపలికి పోయాడు. ప్యూను వచ్చి, ఏమన్నా మర్చిపోయావా బాబూ అని అడిగాడు. ఆఫీసు మెట్లు అయిదు. మా కొట్టుకన్నా రెండు ఎక్కువ కాబట్టి పిలుపు కొంచెం ఆలస్యమవుతుందని లెక్కేసుకున్నాను. గేటు దగ్గర పుస్తకంలో బయటికి పోయిన టైము రాయమంటే, నా పేరు అంత గుండ్రంగా ఎన్నడూ రాయలేదు. వాచ్‌మన్ పెన్ను లాక్కున్నాడు.

బాబాయికి జరిగిందంతా చెప్పాను. మెచ్చుకున్నాడు. "వెనక్కి తిరిగి చూడలేదుగా?" అని మాత్రం అడిగాడు. చూడలేదన్నాను. అయితే పిలుస్తారులే అని టీ చెప్పాడు. మా ఫోన్లు రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. నరసరావుపేట బస్సు వచ్చింది. ఇప్పుడు ఎక్కితే పిలవడానికి మనిషి ఎదురుగా లేకుండా పోతాడని బాబాయి వదిలేయమన్నాడు. రెండో టీ తాగాం. రెండో బస్సునూ వదిలేశాం. మూడో టీ సగంలో ఉండగా గేటు తెరుచుకుంది. నేను లేచి నిలబడ్డాను.

వచ్చింది కారంపూడి కుర్రాడు. ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాకొచ్చింది అన్నా. ఆ ఆరో రాయి నేను చెప్పలేకపోయా, అయినా ఇచ్చారు" అన్నాడు. తర్వాత, "నీకు వేరే చోట్ల ఉన్నాయంటగా. మంచి కుర్రోడు, మనకు దక్కలేదని సారు చానా బాధపడ్డాడన్నా" అన్నాడు. నా పక్కన బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ కుర్రాడు నా మొహం చూశాడో ఏమో, గొంతు తగ్గించి, "ఇంకో పోస్టు అట్టనే ఉందన్నా. పోయి మాట్లాడగూడదా?" అన్నాడు.

గేటు ఇరవై అడుగుల దూరం. వెళ్ళి, సార్, పొరబాటయింది అంటే సరిపోయేది. కానీ బజారంతా తిరిగి ఎక్కడా కుదరక మళ్ళీ మా మెట్లెక్కేవాళ్ళను మేము ఎలా చూసేవాళ్ళమో నాకు తెలుసు. ఏమీ అనేవాళ్ళం కాదు, ఊరికే నవ్వేవాళ్ళం. ఆ నవ్వు పెద్ద సారు మొహం మీద ఊహించుకుని నా కాళ్ళు కదల్లేదు. బాబాయి కూడా, మనంతట మనం పోతే అలుసురా అన్నాడు గానీ, ఆ మాటలో పొద్దుటి బిగువు లేదు. మూడో బస్సెక్కాం. పిడుగురాళ్ళ దాటాక మాస్టారికి ఫోన్ చేసి జీతం కుదరలేదని చెప్పాను. ఆయన సరే నాయనా అన్నారు. తర్వాత ఇంకెవరికైనా నా గురించి ఉత్తరం రాశారో లేదో అడిగే మొహం నాకు లేకపోయింది.

ఇప్పుడు బట్టల కొట్టు నాది. బాగానే నడుస్తోంది. మొన్న శ్రావణ మాసంలో కారంపూడి కుర్రాడు (కుర్రాడేమిటి, జుట్టు సగం నెరిసింది) గృహప్రవేశానికి బట్టలు తీసుకోవడానికి భార్యాపిల్లలతో వచ్చాడు. గనిలో ఇప్పుడు మేనేజరట. నన్ను గుర్తుపట్టి, అన్నా అని గట్టిగా పట్టుకుని, పెద్ద సారు రిటైరై మాచర్లలో ఉంటున్నారని చెప్పి, నేను వద్దంటున్నా అక్కడే నంబరు కలిపి, నేనెవరో చెప్పి, ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఆ డోలమైటు అబ్బాయివా?" అన్నారాయన. గొంతు అంతే మెత్తన. "ఆ రెండు చోట్లలో చివరికి ఎక్కడ చేరావు బాబూ?"

ఏదో ఒక పేరు చెప్పేయవచ్చు. ఎదురుగా చీరలు మడత పెడుతూ మా ఆవిడ వింటోంది. "రెండు చోట్లూ లేవు సార్. పిలుస్తారేమోనని అట్లా అన్నాను" అన్నాను.

 

"నేనూ నువ్వొస్తావనే చూశాను. నెలన్నర ఆ పోస్టు ఎవరికీ ఇవ్వలేదు" అన్నారు. నేను సార్ సార్ అంటుంటే ఆయనే మాట మార్చి, ఇంటి వరండా నిండా రాళ్ళు పోగేసి పెట్టుకున్నాననీ, కొన్నిటికి ఇంకా పేర్లు రాయలేదనీ, చూపు కూడా సరిగ్గా ఆనడం లేదనీ, తీరికున్నప్పుడొచ్చి కాస్త చూసి పెట్టమనీ అన్నారు. నా నంబరు చెప్పి, వస్తాను సార్ అన్నాను.

ఇది జరిగి మూడు నెలలయింది. పొద్దున బస్సెక్కితే మాచర్లలో రాళ్ళు చూసుకుని సాయంత్రానికి కొట్టు దగ్గర ఉండవచ్చు. మొదటి ఆదివారం పెళ్ళి గిరాకీ ఉందన్నాను. రెండో ఆదివారం వాన పడేలా ఉందన్నాను. మూడోసారి మా ఆవిడ, నిన్నెవరు పట్టుకున్నారయ్యా, పోయి రారాదా అని కసిరింది. పెద్దాయన ఆ రోజు ఏదో మర్యాదకు అని ఉంటాడు, మనంతట మనం పోయి తలుపు కొడితే ఏమనుకుంటాడో అన్నాను. ఆవిడ నా వంక ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, అయినా ఈ రోజు కూడా ఫోను గల్లాపెట్టె మీద ఎదురుగానే పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఇంకొక్కసారి పిలిస్తే వెంటనే వెళ్ళొద్దామని.