కాక నెత్తిన పడ్డ నిద్ర

మా బాపు కథ మొదలుపెడితే కడుపు పట్టుకుని నవ్వాల్సిందే. అదీ పసుపు ఉడకబెట్టే రోజుల్లో అయితే అడగనే వద్దు. కల్లంలో డ్రమ్ముల కింద మంట భగభగ, పైన ఆవిరి, మధ్యలో తలకు తువ్వాల చుట్టుకుని మా బాపు. కూలికి వచ్చిన ఆడవాళ్లు చేతిలో పని పక్కన పెట్టి మరీ వినేవాళ్లు. పెళ్లయి ఆర్మూర్ టౌన్లో కాపురముంటున్నా ఆ రోజుల్లో నేను పుట్టింట్లోనే ఉంటాను. పని చేయడానికి అంటాను గానీ, నవ్వడానికే.

అన్నిటిలోకీ పేరుమోసిన కథ వానది. అసలు ఏం జరిగిందో నాకు బాగా తెలుసు, నేనక్కడే ఉన్నాను కాబట్టి. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. పసుపంతా కల్లంలో ఎండుతోంది. బాపుకు జ్వరం. గోళీ వేసుకుని ముసుగుతన్ని పడుకున్నాడు. బాపు చిన్ననాటి దోస్తు, ఆలూర్‌లో ఉంటాడని మేము ఆలూర్ కాక అని పిలిచే ఆయన, చూసిపోదామని వచ్చాడు. వచ్చీ రాగానే మబ్బు కమ్మింది. ఇక కాక చెప్పులు విడిచి పరుగో పరుగు! టార్పాలిన్ ఒక కొస కాక పట్టాడు, ఇంకో కొస అమ్మా నేనూ. గాలికి నేను టార్పాలిన్‌తో సహా పోయి గడ్డివాములో పడ్డాను. అంత గాలివానలోనూ ముగ్గురం పిచ్చివాళ్లలా నవ్వాం. మా పసుపు ఒక్క కొమ్ము తడవలేదు. ఆలూర్లో కాక ఆరబోసుకున్న పసుపు మొత్తం నానిపోయింది. ఆ సంగతి కాక నోటితో చెప్పనే లేదు, ఆయన భార్య, మా చిన్నమ్మ చెబితే తర్వాత తెలిసింది.

బాపు ఏటేటా చెప్పే కథలో మొదట్లో అంతా కాకే. తర్వాత జ్వరం ఎగిరిపోయి, "ఇద్దరం ఉరికినం" అయింది. ఆ పైన కాక ఒట్టి కొస పట్టుకునే మనిషయ్యాడు. చివరికి, ఏం మాయో గానీ, బాపు నిద్ర మొత్తం కాక నెత్తిన పడింది.

"నేను గిట్ల ఉరుకుతాంటే, వీడు గట్ల మంచం మీద గుర్రు! ముఖం మీద వాన పడ్తాంటే దుప్పటి జర మీదికి గుంజుకున్నడు!"

బాపు గుర్రు పెట్టి చూపిస్తే అందరికంటే ముందు కాకే నవ్వేవాడు. "అబద్దాలకోరా, ఇంకా చెప్పురా" అని ఎగదోసేవాడు. చిన్నమ్మ మాత్రం నవ్వేది కాదు.

ఈ ఏడు కాక తన కొత్త అల్లుణ్ని వెంటబెట్టుకొచ్చాడు. హైదరాబాద్ పిల్లగాడు, పసుపు ఉడకడం ఎప్పుడూ చూడలేదట. కొత్త మనిషి దొరికాడు, ఇక మా బాపును పట్టేదెవరు! గుర్రు ఇంకా పెద్దగా పెట్టాడు. అల్లుడు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, మామ వైపు తిరిగాడు.

"అయితే మామా, గా యేడు మన పసుపు తడిసింది గందుకేనా? మీరు పండుకున్నందుకేనా? అత్తమ్మ ఇప్పటికీ గా సంగతి తీసి బాధపడ్తది."

కాక చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "పోదాం పా అల్లుడా" అన్నాడు. అంతే, వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నవ్వులకు చెప్పిన బిడ్డా, వానికి గంత కోపమెందుకు?" అంటాడు బాపు.

"నీ నవ్వులు మన్నుగాను! మన పసుపు కోసం కాక తనది పోగొట్టుకున్నడు. నిద్ర నీది, చెడ్డపేరు ఆయనకా?" అన్నాను.

ఫోన్ చేస్తే కాక ఎత్తలేదు. ఆర్మూర్ వస్తే మా ఇంట్లో చాయ్ తాగనిదే కదలని మనిషి, మా గల్లీ దిక్కే రాలేదు. బాపు కథలు మానేశాడు. కాక లేకుండా ఆయనకు అన్నం కూడా సయించడం లేదు, చూడలేకపోయాను.

ఒకరోజు పొద్దున్నే బాపును స్కూటీ మీద ఎక్కించుకుని ఆలూర్ బయల్దేరాను. దారంతా నా వెనక రిహార్సల్: "ముందుగాల జ్వరం చెప్పాలె. అటెన్క గోళీ." నాకు నవ్వాగక బండి గుంతలోకి పోనిచ్చాను. చిన్నమ్మ భీమ్‌గల్‌లో పుట్టింటికి పోయిందట, వాకిట్లో కాకా అల్లుడూ కూర్చున్నారు. "అరేయ్" తప్ప ఇంకో పిలుపు ఎరగని కాక, బాపును చూసి "రాండ్రి, కూసోండ్రి" అన్నాడు.

బాపు కూర్చోలేదు. నిలబడే అల్లుడికి అంతా చెప్పాడు. "పండుకున్నది నేను. ఉరికింది మీ మామ. నా పసుపు కాపాడబోయి తనది పోగొట్టుకున్నడు." నా జన్మలో బాపు ఏ కథా అంత పొట్టిగా చెప్పడం వినలేదు.

అల్లుడు చప్పట్లు కొట్టాడు. "అబ్బ, పోయినసారి కన్నా గిదే మస్తుగున్నది పెద్దమామా!"

"నిజమే తమ్మీ, నేనక్కడనే ఉన్న" అన్నాను.

"మీరు గూడ కలిసిండ్రా అక్కా!" అని ఇంకా నవ్వాడు.

బాపు బిత్తరపోయి కాక వైపు చూశాడు. "జర నువ్వన్న చెప్పురా. నిజమే గదా?"

కాక తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏమో. మీరు ఎట్లంటే గట్ల. నాకైతే యాదికి లేదు."